రేచెల్‌ని 'లోపభూయిష్టం' అనవచ్చునా?

సందేహం: పౌలా హాకిన్స్ 2015లో వెలువరించిన 'ద గర్ల్ ఆన్ ద ట్రెయిన్' నవల చదివి, మా చదువరుల బృందం కోసం తెలుగులో ఒక పేజీ రాశాను. మొదటి పేరా ఇది: "ఇది ఉత్కంఠభరితమైన మానసిక నవల. ఇందులో నాయకురాలు రేచెల్ లోపభూయిష్టమైన స్త్రీ. అయినా ఆమెతో నేను బాగా రిలేట్ అయ్యాను." లోపభూయిష్టం రోడ్లకూ చట్టాలకూ వాడే మాటే కానీ మనుషులకు కాదని ఒక స్నేహితురాలు అన్నది. 'నాయకురాలు' కూడా తప్పని ఇంకొకామె అన్నది. ఏది సరైనదో చెప్పగలరు. (విజయనగరం నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, మీ మొదటి స్నేహితురాలి చెవి మంచిది. 'భూయిష్ఠ' అంటే మిక్కిలి ఎక్కువైనది. 'బహు' శబ్దం మీద ఇష్ఠ ప్రత్యయం చేరి ఏర్పడిన రూపం. కాబట్టి లోపభూయిష్ఠం అంటే లోపం ఉన్నది అని కాదు, ఎక్కడ చూసినా లోపాలే ఉన్నది అని. ఓటర్ల జాబితానో, గత్తరబిత్తరగా కట్టిన కాలువనో అలా అంటాం. ఒక ఆడమనిషిని ఆ మాట అంటే ఆమెను తీసి పక్కన పడేసినట్టే. మీరు చెప్పదలచుకున్నది దానికి సరిగ్గా ఎదురు. (చివరి అక్షరం ఠ. జ్యేష్ఠ, శ్రేష్ఠ, కనిష్ఠ, గరిష్ఠ అన్నీ ఒకే కుదురులోవి. పత్రికల్లో ట పెట్టి రాయడం ఎంత అలవాటైనా అది పొరపాటే.)

మరి ఏమనాలి? లోపాలున్న, దోషాలున్న, వెలితి ఉన్న, మచ్చ ఉన్న అని నాలుగు మాటలు తోస్తాయి. ఈ నాలుగూ ఒకటి కావు. లోపం అంటే ఉండవలసింది లేకపోవడం; వ్యాకరణంలో అక్షరం పోతే లోపం అంటాం కదా. దోషం ఉండకూడనిది ఉండటం. మచ్చ పైకి కనబడేది, నలుగురూ వేలెత్తి చూపేది. వెలితి నిండుకు ఎదురుమాట. కుండ అంచుదాకా రాని నీళ్లు వెలితి. రేచెల్‌కు నప్పేది ఇదేనని నాకనిపిస్తుంది. బిడ్డ కలగలేదు. ఆ ఖాళీలోకి తాగుడు వచ్చి కూర్చుంది. ఆ తర్వాత పెళ్లి చెదిరింది, ఉద్యోగం పోయింది.

అయినా నా అసలు సలహా వేరు. ఇంగ్లీషులో ఒక విశేషణంతో సరిపెట్టే చోట తెలుగు ఆ లోపమేమిటో పేరుపెట్టి చెబుతుంది. మన మనోవైజ్ఞానిక నవలల్లో గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో తన సీతారామారావును లోపాలున్న నాయకుడు అనలేదు, అసమర్థుడు అన్నాడు. రావిశాస్త్రి తన సుబ్బయ్యను అల్పజీవి అన్నాడు. ఏ వెలితో అట్టమీదే ఉంది. మీరూ అలాగే రాయండి. ఉద్యోగం ఊడినా, ఇంట్లో చోటిచ్చిన స్నేహితురాలికి ఆ సంగతి తెలియకూడదని, రోజూ ఉదయం 8.04 బండెక్కి లండన్ వెళ్లివచ్చే మనిషి ఆమె. తిరుగు బండిలో జిన్ డబ్బా తెరుస్తుంది. తెల్లారి లేచి, రాత్రి ఎవరికి ఫోన్ చేశానో, ఏం వాగానో అని గుండె దడదడలాడుతూ ఫోన్ చూసుకుంటుంది. ఈ మూడు వాక్యాలు రాశాక విశేషణం అవసరమే ఉండదు. ఆమెను 'అబద్ధాలకోరు' అని మాత్రం రాయకండి. చుట్టూ ఉన్నవాళ్లకు అబద్ధాలు చెబుతుంది, నిజమే. కథ చెప్పేటప్పుడు మనకు చెప్పదు. తాగిన రాత్రి సంగతులు ఆమెకే గుర్తుండవు. 'నమ్మరాని కథకురాలు' అనడం కన్నా 'తన జ్ఞాపకాన్ని తానే నమ్మలేని కథకురాలు' అంటే ఆమెకు న్యాయం జరుగుతుంది.

'మానసిక నవల' కూడా నప్పదు. ఆ విశేషణం రోగానికీ, వైద్యానికీ, ఒత్తిడికీ అతుక్కుపోయింది. మన విమర్శలో ఎప్పటినుంచో స్థిరపడిన పేరు మనోవైజ్ఞానిక నవల. అది బరువనిపిస్తే 'మనసు లోతుల్లో నడిచే కథ' అనండి, ఎవరూ కాదనరు.

ఉత్కంఠ దగ్గర కొంచెం ఆగుతాను, ఈ మాటంటే నాకు ఇష్టం. ఉత్ అంటే పైకి, కంఠం అంటే మెడ. రావలసినవాళ్ల కోసం మెడ నిక్కించి దారి చూడటం ఉత్కంఠ. అందుకే సంస్కృత నిఘంటువు అమరకోశం దీన్నీ, తపన అనే అర్థమున్న ఉత్కలికనూ ఒక్కటే అన్నది. పాత కావ్యాల్లో దీని అర్థం తపన, బెంగ. శాకుంతలం నాలుగో అంకంలో కూతుర్ని అత్తవారింటికి పంపుతూ కణ్వుడు, అడవిలో ఉండే తనలాంటివాడి గుండెనే ఉత్కంఠ తాకితే సంసారుల సంగతేమిటని బాధపడతాడు. అక్కడ తర్వాత ఏమవుతుందోనన్న కుతూహలం లేదు, ప్రేమించిన మనిషి కోసం దిగులు ఉంది. కావ్యాలు చెప్పే ఎనిమిది రకాల నాయికల్లో ఒకతె అయిన విరహోత్కంఠిత కూడా ఆ దిగులుతోనే ఎదురుచూస్తుంది. ఇవాళ ఈ మాట ఓట్ల లెక్కింపుకూ, క్రికెట్ ఆఖరి ఓవర్‌కూ వచ్చింది. అర్థం పక్కకు జరిగింది, తప్పేమీ లేదు. కానీ మీరు చదివిన నవలలో రెండర్థాలూ కలిశాయి. ఏం జరిగిందో తెలుసుకోవాలన్న ఆత్రం ఒకవైపు, ఈ పిచ్చితల్లి తనకే గుర్తులేని ఆ రాత్రి ఏం చేసి ఉంటుందో, చేసి ఉండకపోతే బాగుండునన్న బెంగ ఒకవైపు. అందువల్ల ఉత్కంఠ మీ వ్యాసంలో ఉండవలసిన మాటే. 'భరితమైన' తీసేయండి, సినిమా ప్రకటనల్లో అరిగిపోయింది. సంస్కృతం మెడను చూస్తే తెలుగు ఊపిరిని చూసింది: 'ఊపిరి బిగబట్టి చదివాను' అంటే ఇంకా బాగు. సస్పెన్స్ అన్నా నాకు అభ్యంతరం లేదు, డిటెక్టివ్ నవలల కాలం నుంచీ అది మన ఇళ్లలో మాటే.

రిలేట్ అవడానికి కొందరు 'తాదాత్మ్యం చెందాను' అంటారు. అదే నేననుకోవడం తాదాత్మ్యం. కావ్యరసం గురించి రాసేటప్పుడు బాగుంటుంది, ఇక్కడ కాస్త ఎత్తుమీద నిలబడి మాట్లాడినట్టుంటుంది. సానుభూతి, సహానుభూతి పుట్టుకలో ఒకటే. సమాసంలో 'సహ'కు 'స' వస్తుంది, సకుటుంబంగా అన్నట్టు. వాడుకలో మాత్రం విడిపోయాయి. సానుభూతిలో జాలి చేరింది, పైనుంచి కిందికి చూపు చేరింది. రేచెల్ కోరేది అది కాదు కనుక సహానుభూతి నయం. వీటన్నిటికన్నా ఇంట్లో అనే మాట మేలు: 'ఆమెలో నన్ను నేను చూసుకున్నాను.' తాగని మనకు కూడా, నిన్న ఎవరితో ఏం తూలామోనని పొద్దున్నే సిగ్గుపడిన రోజులు ఉన్నాయి కదా.

ఇక నాయకురాలు. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. తత్సమాల (సంస్కృతం నుంచి వచ్చిన మాటల) మీద 'ఆలు' చేరితే రుగాగమం, అంటే నడుమ ఒక రకారం, వస్తుందని చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చెప్పింది: ధీరురాలు, గుణవంతురాలు. నాయిక సంస్కృత స్త్రీరూపం. బాలక-బాలిక, గాయక-గాయిక వరస. రూపాలు రెండూ సరైనవే, పనులు వేరయ్యాయి. పదిమందిని నడిపించే స్త్రీ నాయకురాలు, పల్నాటి నాగమ్మలాగ. కథను మోసే స్త్రీ నాయిక. రేచెల్ ఎవరినీ నడిపించలేదు, తన్ను తానే నడుపుకోలేక ఆ బండిలో కిటికీ పక్కన కూర్చుంది. ఆమెను నాయిక అనే రాయండి.