కేంద్రంలో ఎవరికీ మెజారిటీ రాకపోతే నిజంగా అంత భయపడాలా?

ప్రశ్న అడిగినవారు ఇలా రాశారు: "లోక్‌సభ ఫలితాల్లో ఏ పార్టీకీ 272 రాక, బయటి మద్దతుతో మైనారిటీ ప్రభుత్వం ఏర్పడితే దేశం వెనక్కి పోతుందని మా ఇంట్లో అందరూ అంటున్నారు. అలాంటి ప్రభుత్వాలను కళ్ళారా చూసినవాళ్ళు చెప్పండి. నిజమేనా?"

నిజం కాదు. నేను ఓటరుగా పెరిగింది ఆ కాలంలోనే. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గించాక వచ్చిన మొదటి లోక్‌సభ ఎన్నికలు 1989లో జరిగాయి. నా మొదటి ఓటు అప్పుడే వేశాను. అక్కడి నుంచి 2009 దాకా ఏడుసార్లు లోక్‌సభ ఎన్నికలు జరిగితే, ఒక్కసారి కూడా ఏ పార్టీకీ సొంతంగా మెజారిటీ రాలేదు. అన్నేళ్ళు దేశం చేతులు ముడుచుకుని కూర్చుందా? మన బతుకులు మారిందే ఆ కాలంలో.

పీవీ గారినే తీసుకోండి. 1991 జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేసిన రోజుకి ఆయన ఎంపీ కూడా కారు. కాంగ్రెస్‌కు సభలో సగం సీట్లు లేవు. ఖజానాలో విదేశీ మారకం అడుగంటింది. ఆ స్థితిలో జులై మొదటి వారంలో రూపాయి విలువ రెండు విడతలుగా తగ్గించారు. జులై 24న ఒకే రోజు కొత్త పారిశ్రామిక విధానం, మన్మోహన్ సింగ్ బడ్జెట్ రెండూ సభ ముందు పెట్టారు. ఫ్యాక్టరీ పెట్టాలంటే ప్రభుత్వ అనుమతుల కోసం తిరగాల్సిన లైసెన్సుల రాజ్యాన్ని కదిలించింది మెజారిటీ లేని ప్రభుత్వమే. ఆ ఏడాదే నంద్యాల ఉప ఎన్నికలో పీవీ నిలబడితే, తెలుగువాడు ప్రధాని అయ్యాడు కదా అని ఎన్టీఆర్ తెలుగుదేశం అభ్యర్థినే పెట్టలేదు. 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీతో పీవీ గెలిచారు. ప్రత్యర్థి పార్టీ అలా పక్కకు తప్పుకోవడం ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు.

నన్నడిగితే అంతకన్నా పెద్ద ఉదాహరణ పంచాయతీలది. రాజీవ్ గాంధీకి లోక్‌సభలో 400 దాటిన బలం ఉండేది. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చే 64వ సవరణ బిల్లు తెస్తే లోక్‌సభలో గట్టెక్కింది కానీ 1989 అక్టోబరులో రాజ్యసభలో వీగిపోయింది. ప్రతిపక్షాలను కలుపుకుని పోలేదు, వాళ్ళు పడగొట్టారు. అదే పని 1992 డిసెంబరులో పీవీ ప్రభుత్వం చేసింది. రాజ్యాంగ సవరణకు మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి, చేతిలో మామూలు మెజారిటీ కూడా లేదు. అందరితో మాట్లాడక తప్పలేదు, మాట్లాడారు, 73వ సవరణ అయింది. ఆడవాళ్ళకు మూడో వంతు సీట్లు వచ్చాయి. 1995లో మన దగ్గర పంచాయతీ ఎన్నికలు జరిగితే, అప్పటిదాకా గడప దాటి మీటింగుకు వెళ్ళని మా మేనత్త వార్డు మెంబరుగా గెలిచింది. వీధి కుళాయి దగ్గర నిలబడి పంచాయతీ గుమస్తాను నీళ్ళ లెక్క అడిగేది. 400 మంది ఎంపీలు ఇవ్వలేనిది ఆమెకు మైనారిటీ ప్రభుత్వం ఇచ్చింది.

మరి భయం ఎక్కడి నుంచి వచ్చింది? అది కూడా చూశాను. 1999 ఏప్రిల్ 17, శనివారం.

ఆ సాయంత్రం కోనసీమలో మా పెదనాన్నగారి అమ్మాయి నిశ్చితార్థం. మగపెళ్ళివారు రాజోలు వైపు వాళ్ళు, ముందుగానే దిగిపోయారు. పెదనాన్న రిటైరైన హెడ్మాస్టరు, పుట్టు కాంగ్రెస్ మనిషి. కాబోయే వియ్యంకుడు కొబ్బరి వ్యాపారి, పార్టీ పెట్టిన రోజు నుంచీ తెలుగుదేశం. ఢిల్లీలో ఆ రోజు వాజ్‌పేయి ప్రభుత్వానికి విశ్వాస పరీక్ష. జయలలిత 18 మంది అన్నాడీఎంకే ఎంపీలతో మద్దతు వెనక్కి తీసుకున్నారు. తెలుగుదేశం 12 మందితో, మంత్రివర్గంలో చేరకుండా బయటి నుంచి వాజ్‌పేయిని నిలబెడుతోంది. పైగా స్పీకర్ కుర్చీలో ఉన్నది బాలయోగి గారు, ఆ నేల మనిషి. ఇంక ఆ ఇంట్లో నిశ్చితార్థం ఎవరికి పట్టింది? ముందు గదిలో టీవీ చుట్టూ రెండు వైపుల మగవాళ్ళూ కిక్కిరిసి కూర్చున్నారు. పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని బయటి నుంచి చూస్తున్నారు. లోపలి నుంచి ఆడవాళ్ళు కాఫీ గ్లాసులు పంపుతూ "ఎవరు గెలుస్తున్నారు?" అని అడుగుతున్నారు.

పెదనాన్న చేతిలో పచారీ సామాన్ల చిట్టా ఉంది. దాన్ని తిరగేసి వెనక వైపు పెన్సిల్‌తో మూడు గళ్ళు గీశారు: అనుకూలం, వ్యతిరేకం, దూరం. ఒక్కో పార్టీ పేరు, పక్కన ఎంపీల సంఖ్య. కాగితం పలచన, అవతలి వైపు రాసిన కందిపప్పు, బెల్లం, ఇంగువ ఇటు వైపుకి లీలగా కనిపిస్తున్నాయి. బీఎస్పీ అయిదుగురూ 'దూరం' గడిలో ఉన్నారు. ఆ లెక్కన ప్రభుత్వం బతుకుతుంది. వియ్యంకుడుగారు వంగి చూసి, "చాలు బావగారూ, గట్టెక్కేశాం" అన్నారు. చివరి ఘడియలో బీఎస్పీ వ్యతిరేకంగా వేస్తోందని తేలింది. పెదనాన్న మాట్లాడకుండా ఆ అయిదు కొట్టేసి పక్క గడిలోకి మార్చారు. కూడిక మళ్ళీ చేశారు. పెన్సిల్ చెవి మీద పెట్టుకుని టీవీ వైపు చూశారు.

అనుకూలం 269. వ్యతిరేకం 270.

గదిలో చప్పుడు లేదు. కాసేపటికి ఒక్కసారిగా అందరూ మొదలుపెట్టారు. ఒరిస్సా ముఖ్యమంత్రిగా ఉన్న గిరిధర్ గమాంగ్ ఇంకా ఎంపీ పదవి వదులుకోకుండా వచ్చి ఓటేశారు, నిర్ణయాన్ని ఆయన మనస్సాక్షికే వదిలేశారు స్పీకర్. బాలయోగి గారు ఆపాల్సిందని కొందరు, పెద్దమనిషి నిబంధన ప్రకారమే పోయారని కొందరు. వియ్యంకుడుగారి మాట మాత్రం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "మనవాడు స్పీకర్ కాకుండా మామూలు ఎంపీగా కూర్చుని ఉంటే 270, 270 అయ్యేది బావగారూ." ఓట్లు సమానమైతే తప్ప స్పీకర్ ఓటెయ్యడానికి లేదు. మనకు దక్కిన పెద్ద గౌరవమే ఆ ఒక్క ఓటునూ మింగింది.

కాంగ్రెస్ మనిషి కదా, పెదనాన్న సంబరపడతారనుకున్నాం. ఆయన చిట్టా మడిచి జేబులో పెట్టుకుని, "పడగొట్టడం సరే. రేపు పొద్దున ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెడతారో ఈ 270 మందిలో ఒక్కరైనా చెప్పారా?" అన్నారు. ఎవరూ చెప్పలేదు. నాలుగు రోజుల తర్వాత సోనియా గాంధీ రాష్ట్రపతి భవన్ బయట తమ వెనక 272 మంది ఉన్నారన్నారు. ములాయం సింగ్ కాదన్నారు. ఏప్రిల్ 26న లోక్‌సభ రద్దయింది. మే నెలలో కార్గిల్ మొదలైంది. ఒక్క ఓటుతో పడిపోయిన ప్రభుత్వమే ఆపద్ధర్మంగా ఉండి ఆ యుద్ధం నడిపింది. సైన్యం శిఖరాలు తిరిగి గెలుచుకుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో మళ్ళీ ఎన్నికలు జరిగాయి, తెలుగుదేశానికి 29 సీట్లొచ్చాయి.

మైనారిటీ ప్రభుత్వం అనగానే జనం తిట్టాల్సినవాళ్ళను వదిలేసి వేరేవాళ్ళను తిడతారని నా బాధ. తప్పు అధికారంలో కూర్చున్నవాళ్ళది కాదు. బాధ్యత తీసుకోకుండా బయట నిలబడి ఎప్పుడంటే అప్పుడు నిచ్చెన లాగేసేవాళ్ళది. 1979లో చరణ్ సింగ్ మద్దతు మాట నమ్మి ప్రధాని అయ్యారు, లోక్‌సభను ఒక్కసారి కూడా ఎదుర్కోకుండానే దిగిపోయారు. 1990లో చంద్రశేఖర్ అరవై పైచిలుకు ఎంపీలతో కుర్చీ ఎక్కారు. రాజీవ్ గాంధీ ఇంటి దగ్గర ఇద్దరు హర్యానా పోలీసులు కాపలా కాసి గమనిస్తున్నారన్న కారణం మీద గొడవ ముదిరి 1991 మార్చిలో రాజీనామా చేశారు. దేశం అప్పులు తీర్చలేని దశలో ఉంటే ఆ ఏడాది పూర్తి బడ్జెట్ కూడా పెట్టనివ్వలేదు. 1997 ఏప్రిల్‌లో దేవెగౌడ, అదే ఏడాది నవంబరులో గుజ్రాల్ ఇలాగే దిగిపోయారు. ఈ నాలుగుసార్లూ మద్దతు ఇచ్చిందీ తీసుకున్నదీ కాంగ్రెస్సే. 1990లో వి.పి. సింగ్‌ను అలాగే దించింది బీజేపీ. ఏ పార్టీ తక్కువ తినలేదు.

2004లో మన్మోహన్ సింగ్ ప్రభుత్వానికి వామపక్షాలు కూడా బయటి నుంచే మద్దతిచ్చాయి కదా అని అడగొచ్చు. ఇచ్చాయి, నాలుగేళ్ళు నిలబెట్టాయి. తేడా ఏమిటంటే అక్కడ ఒక కాగితం ఉంది. కనీస ఉమ్మడి కార్యక్రమం అని రాసుకున్నారు, అచ్చు వేసి జనం ముందు పెట్టారు, దాని మీద కూర్చుని మాట్లాడుకోవడానికి సమన్వయ కమిటీ పెట్టుకున్నారు. 2005లో సమాచార హక్కు చట్టం, ఉపాధి హామీ చట్టం రెండూ ఆ కాలంలో వచ్చినవే. 2008లో అమెరికాతో అణు ఒప్పందం మీద విడిపోయినప్పుడు కూడా ఎందుకు విడిపోతున్నారో ఊళ్ళో టీ కొట్టు దగ్గర మనిషికి కూడా తెలుసు. మా పెదనాన్న ఆ నిశ్చితార్థంలో తాంబూలాలు మార్చుకునే ముందు పెళ్ళి ఖర్చు ఏ వైపు ఎంతో పెద్దమనుషుల ముందు రాయించారు. ఒక పెళ్ళికి ఉన్నంత రాత కూడా వంద కోట్ల మందిని పాలించే ఒప్పందానికి అక్కర్లేదా?

కాబట్టి నా అభిప్రాయం ఇది, ఎంతమంది కాదన్నా మార్చుకోను. రాసి ఇవ్వని మద్దతును రాష్ట్రపతి లెక్కలోకి తీసుకోకూడదు. రెండోది, దించాలనుకునేవాళ్ళు ముందు కొత్త మనిషి పేరు చెప్పి ఆ పేరుకే ఓట్లు వేయాలి. జర్మనీ రాజ్యాంగంలో 67వ అధికరణం సరిగ్గా ఇదే చెబుతుంది. 1982లో హెల్ముట్ ష్మిట్‌ను దించినప్పుడు అదే ఓటుతో హెల్ముట్ కోల్ ఎక్కారు, మధ్యలో ఖాళీ లేదు. 1999లో మనకు ఆ నిబంధన ఉంటే 270 మంది ఒక్క పేరు మీదకు వచ్చేవాళ్ళు కాదు, నడివేసవిలో దేశం ఎన్నికల వైపు నడిచేది కాదు.

1993 సంగతేమిటని ఎవరో ఒకరు కింద రాస్తారు, ముందే చెబుతున్నా. అవిశ్వాస తీర్మానంలో పీవీ ప్రభుత్వం 265, 251 ఓట్లతో బయటపడింది. జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు డబ్బులు ముట్టాయన్న కేసు దేశమంతా చూసింది. అది సిగ్గుచేటు, నేను సమర్థించను. అయితే డబ్బు తీసుకుని సభలో ఓటేసిన ఎంపీకి రక్షణ ఉంటుందని 1998లో సుప్రీంకోర్టే అంది. ఆ తీర్పును 2024 మార్చిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. దానికి పాతికేళ్ళు పట్టడం నా కోపం. అమ్ముడుపోయేవాడు ఏ సభలో అయినా అమ్ముడుపోతాడు, వాడికి శిక్ష పడాలి. 1984లో ఎన్టీఆర్‌ను దించినప్పుడు మన ఎమ్మెల్యేలను బస్సుల్లో కర్ణాటక తీసుకెళ్ళి కాపాడుకోవాల్సి వచ్చింది. అప్పుడు ఆయనకు సభలో భారీ మెజారిటీ ఉంది కదా, ఆ మెజారిటీ ఏం కాపాడింది?

టీవీల గురించి కూడా ఒక మాట. ఫలితాల రోజు మ్యాజిక్ ఫిగర్ అంటూ ఎర్రక్షరాలు తిప్పుతూ, పొద్దుటి నుంచి రాత్రి దాకా జనానికి టెన్షన్ పెట్టడం తప్ప, మద్దతు అంటే ఏమిటో చెప్పే ఓపిక ఒక్క ఛానల్‌కీ లేదు. 2024 జూన్ 4న బీజేపీ 240 దగ్గర ఆగిందనగానే సెన్సెక్స్ ఒక్కరోజులో 4 వేల పాయింట్లకు పైగా పడింది. నాకు తెలిసినవాళ్ళు భయపడి షేర్లు అమ్ముకున్నారు. వారం తిరక్కుండా అది మళ్ళీ ఎక్కింది. నిజానికి అది మైనారిటీ ప్రభుత్వం కూడా కాదు. 16 మంది ఉన్న తెలుగుదేశం, 12 మంది ఉన్న జేడీయూ మంత్రివర్గంలో చేరాయి, కూటమికి 293 ఉన్నాయి. లోపల కూర్చుని బాధ్యత పంచుకుంటే అది సంకీర్ణం. ఆ తేడా చెప్పి ఉంటే వాళ్ళ డబ్బు మిగిలేది.

ఈసారి మీకు అలాంటి ఫలితాలు వస్తే ఇంట్లోవాళ్ళను 272 దగ్గర ఆగిపోవద్దనండి. మద్దతు ఇస్తున్న పార్టీ ఏ షరతుల మీద ఇస్తోందో రాసి బయటపెట్టిందా, మంత్రివర్గంలో చేరుతోందా లేదా అన్నవి చూడమనండి. మీ ఎంపీ ఆ పార్టీవారే అయితే నేరుగా వెళ్ళి ఆ కాగితం చూపించమని అడగండి. మద్దతు లేఖలో "దేశ ప్రయోజనాల దృష్ట్యా" అన్న ఒక్క లైనే ఉంటే, మళ్ళీ ఓటర్ల జాబితాలో మీ పేరు ఉందో లేదో అప్పుడే చూసుకోండి.