రాత్రి కలిపిన క్యాప్టాన్ తెల్లారేసరికి ఏమవుతుంది?

ప్రశ్న: మిరప నారుమడికి శిలీంద్రాలను చంపే మందు క్యాప్టాన్‌ను రాత్రే బోరు నీటిలో కలిపి, ఉదయం పోస్తున్నాం. నారుకుళ్లు ఆగడం లేదు. మందు నకిలీదా?

జవాబు: మందుకన్నా ముందు నీటిని అనుమానించండి. క్యాప్టాన్ క్షార నీటిలో ఇట్టే విరిగిపోతుంది. పీహెచ్ (నీటి పులుపు, క్షారాల కొలత; 7 కన్నా తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం) 5 దగ్గర సగం తరగడానికి గంటలు పడితే, 8 దాటాక నిమిషాలు చాలు. నీరు వేడెక్కితే ఇంకా త్వరగా. రాత్రంతా ఉంచితే మీరు పోసేది ఉత్త తెల్లనీళ్లే!

బకెట్ నీటిలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చిటికెడు చొప్పున కలుపుతూ, పీహెచ్ కాగితంతో చూసి 5.5–6కు తెచ్చి, ఆ లెక్కనే డ్రమ్ముకు వేయండి. బైకార్బొనేట్లు (నీటిని క్షారంగా ఉంచే లవణాలు) ఉన్న నీరు నిమ్మ ఉప్పును ఎక్కువే మింగుతుంది కాబట్టి అందరికీ ఒకే మోతాదు కుదరదు. మందు ఆ తర్వాతే కలిపి, వెంటనే పోయాలి. బోర్డో మిశ్రమంతో కలపొద్దు, అందులోని సున్నం క్షారమే. రాగి మందు కాపర్ ఆక్సీక్లోరైడ్‌కు మాత్రం ఈ పుల్లనీళ్లు వాడకండి. రాగి కరిగి ఆకులు మాడతాయి.