బిడ్డ మళ్లీ మగ్గం గుంటలోకి దిగుతుందేమోనన్న భయం

ప్రశ్న: మాది పుట్టపాక దగ్గర నేత కుటుంబం. అమ్మాయి నల్లగొండలో బి.ఏ. చివరి ఏడాది. బి.ఎడ్. వద్దట. డిజిటల్ హ్యుమానిటీస్ (భాష, చరిత్ర, సంస్కృతిని కంప్యూటర్ సాయంతో భద్రపరిచి, పరిశీలించే చదువు) చదివి, తాత చేసే తేలియా రుమాల్ (నూనె పట్టించిన నూలుతో నేసే గుడ్డ) పనిని రికార్డు చేస్తదట. చదువు లేనోళ్ల పని నీకెందుకని తిట్టాను. ఏది మేలు?

జవాబు: ఇట్లాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఒకసారి గీత కార్మికుడి ఇంటి నుంచి, ఇంకోసారి కిన్నెర వాయించే ఇంటి నుంచి. మీ టెన్షన్ కోర్సు గురించి కాదు, బిడ్డ మళ్లీ మగ్గం గుంటలో కాళ్లు పెడుతుందేమోనని. పెట్టదు, నిశ్చింతగా ఉండండి.

అయితే ఈ కోర్సు మీద నాకూ అనుమానాలున్నాయి. 2020 జాతీయ విద్యా విధానం వచ్చాక 'భారతీయ జ్ఞాన వ్యవస్థలు', అంటే మన సంప్రదాయ విద్యలు, అనే మాటకు గిరాకీ పెరిగింది. కానీ లెక్చరర్ అర్హత కోసం రాసే యూజీసీ నెట్ పరీక్షలో డిజిటల్ హ్యుమానిటీస్ అనే సబ్జెక్టే లేదు. లెక్చరర్ కావాలంటే చరిత్రో తెలుగో భాషాశాస్త్రమో చేతిలో ఉండాలి. పైగా చాలా ప్రాజెక్టులు డబ్బు ఉన్నన్నాళ్లే. తర్వాత వెబ్‌సైట్ తెరుచుకోదు, వీడియోలు ఎవరి హార్డ్ డిస్కులోనో ఉండిపోతాయి. పని చూపించిన ముసలాయన పేరు కూడా వేయరు. ఒక విద్యార్థిని ఈ దారిలోకి నేనే తోసి, తర్వాత వాళ్ల నాన్నకు ముఖం చూపించలేకపోయాను.

ఇక మీ సంగతి. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసికే ఆ పనికి 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. బూడిద ఎంత కలపాలో, నూలు ఎప్పుడు సిద్ధమైందో మీ నాన్న చేతికి తెలుసు. అది చదువు కాదని బిడ్డ ముందు ఎట్లా అన్నారండీ? రేపు ఎవరో పరిశోధకుడు వచ్చి మీ నాన్నను గంటసేపు అడిగి వెళ్తే మాత్రం మురిసిపోయి ఫొటో దిగుతారు.

పోలిక అడిగారు కదా. డిజిటల్ హ్యుమానిటీస్‌లో జోధ్‌పూర్ ఐఐటీలో ఎం.ఎస్‌సి. ఉంది, జాదవ్‌పూర్‌లో పీజీ డిప్లొమా ఉంది. రెండూ దూరమే. ముందు మామూలు ఎం.ఏ. చేయించండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో జానపద సంస్కృతి అధ్యయన కేంద్రం, అనువర్తిత భాషాశాస్త్ర కేంద్రం ఉన్నాయి, ఎం.ఏ. దేంట్లో ఉందో చూడండి. డిజిటల్ పని దాని పక్కన నేర్చుకోవచ్చు. ఎడ్‌సెట్ కూడా రాయనివ్వండి, నష్టం లేదు.

ఈ వేసవిలో తాత పని ఫోన్‌లో తీయనివ్వండి. పక్కన మీరూ కూర్చోండి. ఏ పనిని మీ ఇంట్లో ఏమంటారో ఆమెకు చెప్పాల్సింది మీరే. వీడియో ఎవరికైనా ఇచ్చే ముందు తాతను అడగమనండి, ఆయన పేరు వేయమనండి.