తెప్పకి ఔట్‌బోర్డ్ మోటారు రెండంగుళాలు పైకి లేపితే వేగం పెరుగుతుందా?

ప్రశ్న: భావనపాడులో మా నాన్నకి ఫైబర్ తెప్ప, 9.9 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ (తెప్ప వెనక బయట తగిలించే మోటారు) ఉన్నాయి. విదేశాల్లో స్పీడు బోట్లకి డ్రైవు (నీళ్లలోకి దిగి ఉండే మోటారు భాగం) ఎత్తు మార్చి వేగం పెంచుతున్న వీడియోలు చూశాను. మేమూ రెండంగుళాలు లేపొచ్చా?

జవాబు:

లేపొచ్చు తమ్ముడూ, కానీ ఆ రెండంగుళాల లెక్క ఆ బోట్లది, మీ తెప్పది కాదు. కళింగపట్నంలో మోటార్లు బాగుచేస్తుంటాను. ఈ పని తరచూ నా చేతికి వస్తుంది, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను.

ముందు ఆ బోట్ల సంగతి. మోటారు కింద గేర్లుండే డబ్బా నీళ్లలో ఎంత మునిగితే అంత ఈడ్పు. వేగం రెట్టింపైతే ఆ ఈడ్పు నాలుగింతలవుతుంది. గంటకి వంద కిలోమీటర్లు దాటే బోటుకి అంగుళం ఎత్తినా తేడా తెలిసేది అందుకే. వాళ్లు లోపలి ఇంజిన్నే పైకి జరుపుతారు, లేదా పొట్టి గేరు డబ్బా వేస్తారు. ఔట్‌బోర్డ్ అయితే జాక్ ప్లేటు, అంటే మోటారుని పైకీ కిందికీ జరిపే పట్టు, బిగిస్తారు. దానితోపాటు నీటిని వెనక్కి తోసే ఫ్యాను (ప్రొపెల్లర్) కూడా మారుస్తారు, రెక్కల చివరి అంచు వంపు తిరిగి నీటిని పట్టుకునే రకం వేస్తారు. ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు పీల్చుకునే రంధ్రాల్ని గేరు డబ్బా ముక్కు దగ్గరికి దింపుతారు. ఇవన్నీ కలిస్తేనే ఆ వేగం. మిగతావి వదిలేసి ఎత్తొక్కటే మారిస్తే మోటారు నీళ్లకి బదులు గాలి పీల్చి వేడెక్కిపోతుంది.

వలలు, ఐసు, నలుగురు మనుషులతో వెళ్లే తెప్పకి అంత వేగం ఉండదు కాబట్టి ఎత్తు వల్ల మిగిలేదీ కొంచెమే. ఒక్క సందర్భంలో మాత్రం బాగా కలిసొస్తుంది. మోటారు షాఫ్టులు (ఇంజిన్ నుంచి ఫ్యాను వైపు దిగే కాడలు) 15, 20, 25 అంగుళాల కొలతల్లో వస్తాయి. మోటారు తగిలించే వెనక పలక 15 అంగుళాలుండి, దానికి 20 అంగుళాల షాఫ్టు మోటారు తగిలిస్తే ఐదంగుళాలు అనవసరంగా నీళ్లలో ఈడ్చుకుంటూ పోతుంది. మా చిన్నాన్న తెప్ప సరిగ్గా అలాగే ఉండేది. పలక ఎత్తు పెంచాక నడక తేలికైంది, మోటారు వెనక ఎగజిమ్మే నీళ్లు తగ్గాయి, పెట్రోలు కూడా ఆదా అయింది.

కాబట్టి ముందు కొలవండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఈ పనికి అదే మంచి సమయం. తెప్పని ఒడ్డున సమంగా నిలబెట్టి మోటారుని నిటారుగా దించండి. వంకర లేని అల్యూమినియం పట్టీని తెప్ప అడుగుకి ఆనించి వెనక్కి చాపండి. ఫ్యానుకి పైన అడ్డంగా ఒక రేకు ఉంటుంది చూడు, అది ఫ్యాను పైనుంచి గాలి లాక్కోకుండా ఆపుతుంది. ఆ రేకు పట్టీకి సమంగా గానీ, అంగుళం లోపు కిందికి గానీ ఉంటే మోటారుని ముట్టుకోకండి. అంతకన్నా కిందికి ఉంటేనే లేపండి, అదీ ఒకేసారి కాదు. ముప్పావు అంగుళం లేపి, సంద్రంలో చూసి, అవసరమైతే మళ్లీ లేపండి.

నేను గట్టిగా చెప్పేది పరీక్ష గురించే. ఖాళీ తెప్పతో, పొద్దున్నే సంద్రం చదునుగా ఉన్నప్పుడు చూస్తే ఏ ఎత్తైనా బాగున్నట్టే కనిపిస్తుంది. మన తీరంలో తెప్ప ఒడ్డున విరిగే కెరటాల మధ్యనుంచే వెళ్లాలి, రావాలి. ముక్కు దిగితే వెనక భాగం లేస్తుంది. మోటారు ఎత్తు ఎక్కువైతే అప్పుడు ఫ్యాను గాలి పట్టి ఇంజిన్ ఒక్కసారి గీపెడుతుంది, తోపు (ముందుకి తోసే బలం) పోతుంది. తోపు పోయిన క్షణంలో వెనక కెరటం అందుకుంటే తెప్ప అడ్డం తిరుగుతుంది. అది బోల్తా పడే పరిస్థితి. మొగ (ఏరు సంద్రంలో కలిసే చోటు) దగ్గర ఇసుక మేటల మీద కెరటం మరీ నిటారుగా లేస్తుంది. అందుకే పూర్తి బరువుతో, ఓ మోస్తరు కెరటాల్లో, రెండు వైపులా గట్టిగా తిప్పి చూడండి. మలుపులో ఇంజిన్ గీపెడితే ముప్పావు అంగుళం దించేయండి.

మోటారు పక్కనుంచి సన్నగా చిమ్మే నీటి ధార మీద కూడా కన్నేసి ఉంచండి. అది తెగినా, మధ్యలో ఆవిరిలా ఉమ్మినా వెంటనే ఆపేయండి. లోపలి పంపులో ఉండేది రబ్బరు చక్రం. నీళ్లు లేకుండా తిరిగితే ఎంతోసేపు నిలవదు, దాని వెనకే ఇంజిన్ పోతుంది.

బిగింపు దగ్గర చాలామంది తొందరపడతారు. బ్రాకెట్టు కింద చెక్క పేడు పెట్టి లేపితే బిగించే మరలు పలక పై అంచుకి చేరి పట్టు తప్పుతాయి. పేడు కాదు, పలకనే పెంచాలి. గట్టి చెక్కని ఫైబర్‌తో కలిపి పొదిగించి, మరల కింద మందపాటి రేకు వేసి, ఇటునుంచి అటు దూసుకెళ్లే బోల్టులు బిగించండి. పాత రంధ్రాలు ఎపాక్సీతో పూడ్చకపోతే లోపలి ప్లైవుడ్ నీళ్లు తాగి కుళ్లుతుంది, పైకి ఏమీ కనిపించదు. మోటారుకి విడిగా ఒక తాడు కట్టడం మరిచిపోవద్దు.

మీ రేకు సరైన ఎత్తులోనే ఉండి తెప్ప నెమ్మదిగా ఉందంటే ఫ్యాను చూడాలి. నిండు బరువుతో పూర్తి థ్రాటిల్ ఇచ్చినప్పుడు ఇంజిన్ నిమిషానికి తిరిగే తిరుగుళ్లు మాన్యువల్లో రాసిన హద్దు అందుకోకపోతే పిచ్ (ఒక్క చుట్టులో ఫ్యాను ముందుకి జరగాల్సిన దూరం) తక్కువ ఉన్న ఫ్యాను వేయండి. అంగుళం పిచ్ తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 తిరుగుళ్లు పెరుగుతాయి.

పలక ఎత్తు, షాఫ్టు పొడవు, రేకుకీ పట్టీకీ మధ్య ఎడం, ఫ్యాను మీద చెక్కిన అంకెలు ఇక్కడ రాయి. చూసి ఎంత లేపాలో చెబుతాను.