విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ తర్వాత కుక్క అన్నం ముట్టకపోతే, ఇంట్లో గర్భిణి ఉంటే

టీవీటీ గడ్డకి (జతకట్టినప్పుడు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి అంటుకునే క్యాన్సర్ గడ్డ) విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు ఇచ్చిన మూడో రోజు నుంచి మీ కుక్క సరిగ్గా తినడం లేదని, ఇంట్లో కోడలు కడుపుతో ఉందని, వైద్యం ఆపేయాలా అని అడిగారు. దయచేసి మీ అంతట మీరు ఆపకండి. కుక్కల క్యాన్సర్లలో మందుకి ఇంత బాగా లొంగేవి తక్కువ. వారానికొక ఇంజెక్షన్ చొప్పున 3 నుంచి 6 డోసుల్లో చాలా కుక్కలకు గడ్డ కరిగిపోతుంది. సగంలో వదిలేస్తే మళ్లీ పెరిగే ప్రమాదం ఉంది.

ఆకలి తగ్గడం మామూలే. వాంతులకు మందు రాయమని డాక్టరు గారిని అడగండి, అన్నం గోరువెచ్చగా పెట్టండి. అసలు టెన్షన్ పడాల్సింది జ్వరం గురించి. ఇంజెక్షన్ చేసిన వారం లోపల రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోతాయి, అప్పుడు ఇన్ఫెక్షన్ తేలిగ్గా సోకుతుంది. అందుకే రోజూ మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూడండి. 103 ఫారన్‌హీట్ దాటినా, డీలాపడి లేవకపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్రం వేయొద్దు. ప్రతి డోసుకి ముందు రక్తపరీక్ష చేయించాల్సిందే, కణాలు తక్కువుంటే డోసు వాయిదా వేస్తారు.

సూది వేసిన కాలు కూడా చూడండి. అక్కడ ఎర్రబడి వాచినా, కుక్క అదేపనిగా నాకుతున్నా మందు నరం బయటకు కారి ఉండొచ్చు. అది కండని కుళ్లబెడుతుంది, గంటలు కూడా ఆగొద్దు.

మీ కోడలు కుక్కని నిమరొచ్చు, తర్వాత చేతులు కడుక్కుంటే చాలు. కానీ ఇంజెక్షన్ తర్వాత కనీసం మూడు రోజులు మూత్రం, మలం, వాంతిలో మందు ఉండొచ్చు కాబట్టి వాటిని ఇంకొకరే గ్లవుజులతో తీయాలి. ఇక పార్వో, డిస్టెంపర్ టీకాలు బతికున్న వైరస్‌తో చేసినవి కాబట్టి ఈ కోర్సు అయ్యేదాకా వేయించకండి. రేబిస్ టీకా గడువు దగ్గరపడితే ఎప్పుడు వేయాలో మీ డాక్టరు గారినే అడగండి.