ఆన్‌లైన్‌లో స్పోర్ట్స్ సైకాలజీ మాస్టర్స్ చేస్తే సైకాలజిస్ట్ అయిపోతామా?

అవ్వరు, ఈ మాస్టర్స్ ఒక్కటే ఉంటే అమెరికాలో చాలా రాష్ట్రాల్లో సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఆ పేరుకు సాధారణంగా డాక్టరేటు, పర్యవేక్షణలో పనిచేసిన అనుభవం, రాష్ట్ర లైసెన్సు కావాలి. ఈ కోర్సు ప్రధానంగా నేర్పేది ఏకాగ్రత, లక్ష్యాలు, పోటీ ముందు టెన్షన్‌ను అదుపులో పెట్టడం లాంటివి, చికిత్స కాదు.

ఉదాహరణకు, పెనాల్టీ కిక్ ముందు కాళ్లు వణికే ఆటగాడికి ఊపిరి మీద పట్టు, బంతి పెట్టిన దగ్గర్నుంచి తన్నేదాకా ఒకే వరుస అలవాటు చేయించవచ్చు. అతనిది డిప్రెషన్ అయితే లైసెన్సున్న నిపుణుల దగ్గరికి పంపాల్సిందే.

చాలామంది ఆన్‌లైన్ చదువు కాబట్టే చెల్లదనుకుంటారు. అసలు చిక్కు అక్కడ లేదు. ఆటగాళ్లకు ఇలాంటి మానసిక శిక్షణ ఇచ్చే మెంటల్ పెర్ఫార్మెన్స్ కన్సల్టెంట్లకిచ్చే సీఎంపీసీ సర్టిఫికెట్‌కు కావలసిన సబ్జెక్టులు కోర్సులో ఉన్నాయా, మెంటార్ కింద చేయాల్సిన 400 గంటల పని ఎక్కడ దొరుకుతుంది అన్నవి చేరకముందే అడగండి. ఆ గంటలు వీడియో పాఠాలు వింటే పూర్తికావు.