పోలయ్యకు ఆ చెట్టు తెలుసు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ వచ్చి పదహారు రోజులైంది. మొదటిసారి చదివినప్పుడు మూడో పేజీ దగ్గర చిరాకేసి పక్కన పెట్టేశాను. "పేరు తెలియని చెట్లతో ఆ ఫిజీ దీవులన్నీ పచ్చగా మెరిసిపోతున్నాయి" అని రాశావు. పేరు ఎవరికి తెలియదు నాయనా? నీకా, పోలయ్యకా? నీ పోలయ్య 1907లో నెల్లూరు సముద్రపొడ్డు నుంచి మద్రాసు వెళ్లి గిర్మిట్ కూలీగా, అంటే ఒప్పందం మీద పోయే కూలీగా ఓడెక్కిన మనిషి. వలలు లాగినవాడు, కట్టెలు కొట్టినవాడు. అలాంటివాడు చెట్టును చూసి "ఏదో చెట్టు" అనుకోడు. ఏసీ బస్సు కిటికీలోంచి చూసే మనం అనుకుంటాం.

ఆ ఒడ్డున అతనికి కనపడేది సరుగుడు. అక్కడ నొకోనొకో అంటారు. మన తీరానికి సరుగుడు పరాయి చెట్టు. 19వ శతాబ్దంలో రైలింజన్లకు కట్టెల కోసం ఇసక నేలల్లో తోపులు తోపులుగా నాటించారు. ఫిజీలో మాత్రం దాన్ని ఎవరూ తెచ్చి నాటనక్కర్లేదు, అది ఆ గడ్డ చెట్టే. తన ఊరికి వలస వచ్చిన చెట్టును, తాను వలసపోయిన చోట దాని సొంతింట్లో చూశాడన్నమాట పోలయ్య. నీకు ఇంకేం కథ కావాలి?

పక్కనే పొన్న ఉంటుంది, గంగరావి ఉంటుంది, మొగలి పొదలుంటాయి. బురద ఉన్నచోట మడ చెట్లు. వీటి కాయలూ గింజలూ ఉప్పునీళ్ల మీద తేలుతూ పోయి ఎక్కడ ఇసక తగిలితే అక్కడ మొలుస్తాయి. అందుకే మన సముద్రంలోనూ, ఆ మహాసముద్రంలోనూ ఒడ్డు చెట్లు చాలావరకు ఒకటే. పోలయ్యకు కొత్తగా తోచాల్సింది ఒడ్డు కాదు, దాని వెనక ఉన్న కొండ.

గంగరావి అంటే గుర్తొచ్చింది. 1984లో నా రెండో కథ అచ్చయింది. "గంగరావి కింద కూర్చుని వల అల్లుకుంటున్నాడు" అని రాస్తే "ఒక చెట్టు కింద" అని వేశారు. అడగడానికి బస్సెక్కి ఆ పత్రికాఫీసుకు పోయాను, ఇంట్లో చెప్పకుండా. "సిటీ పాఠకులకు గంగరావి తెలియదమ్మా, చెట్టు చెట్టే కదా" అన్నాడు ఎడిటరు, టీ తాగుతూ. ఆయన పోయి చాలా ఏళ్లయింది, నా కోపం మాత్రం పోలేదు. ఇప్పుడు కథల పోటీల వాళ్లు ఇంకోలా తయారయ్యారు. మట్టివాసన కావాలంటారు. ఏ మట్టి అని ఒక్కడూ అడగడు. నల్లరేగడా, చవుడా, ఎర్రనేలా?

ఫిజీ మట్టి సంగతి చెప్తాను. మా అమ్మాయి ఆక్లాండ్‌లో ఉండేటప్పుడు, వెళ్తూ దారిలో తొమ్మిది రోజులు ఆగాం. 300కు పైగా దీవులున్నా నేను తిరిగింది విటి లెవు ఒక్కటే. అదే అన్నిటికన్నా పెద్దది, పాత గుంటూరు జిల్లా కన్నా కొంచెం చిన్నది. నడుమ కొండలు, వాటిలో తోమనీవి శిఖరం 1,300 మీటర్లు దాటుతుంది. ఆగ్నేయం నుంచి వచ్చే వాణిజ్య పవనాలు తెచ్చిన తడంతా ఆ కొండల తూర్పు పక్కనే దించేస్తాయి. అందుకే ఆ పక్కనున్న రాజధాని సువాలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. పడమటి పక్కకు వచ్చేసరికి గాలి ఆరిపోయి ఉంటుంది, నాందీలో వాన అందులో మూడింట రెండొంతులకు కూడా రాదు. నాందీలో బస్సెక్కినప్పుడు కిటికీ బయట ఎండుగడ్డి, ఎర్రమట్టి, చెరకు. సింగతోకా దాటి నావువా వచ్చేసరికి చెప్పాపెట్టకుండా వాన. చెట్ల మీద చెట్లు, వాటి మీద నాచు, ఫెర్నులు. అంతా కలిపి నాలుగు గంటల ప్రయాణం.

చెరకు ఎండ పక్కనే ఎక్కువ. తయారయ్యే రోజుల్లో పొడి లేకపోతే గడలో తీపి దిగదు. తడి పక్క నౌసోరిలో 1882లో పెట్టిన మిల్లు 1959లో మూతపడింది. మిల్లులున్న లౌటోకా, బా, లంబాసా అన్నీ ఎండ పక్క ఊళ్లే. నువ్వేమో లౌటోకా చెరకుతోట గట్టు మీద నాచు పట్టిన దాకువా చెట్లు నిలబెట్టావు! దాకువా కొండ అడవిలో పెరిగే మహావృక్షం. లౌటోకా వెనక ఉండేది తలసింగా. అంటే ఎండకు మాడిన నేల అని వాళ్ల భాషలో. ఎన్నో తరాలుగా మనుషులు తగలబెడుతూ వస్తే, అడవి పోయి గడ్డీ మొండి ఫెర్నులూ అక్కడో సరుగుడు ఇక్కడో సరుగుడూ మిగిలిన గుట్టలు. పోలయ్య రోజూ చూసింది అదీ. పచ్చగా మెరిసేది కాదు.

అతని పెళ్లాం కొప్పులో తంగిమౌథియా పువ్వు కూడా పెట్టావు. ఫోటో చూసి ముచ్చటపడ్డావని అర్థమైంది. అది తవేవుని దీవిలో, మబ్బులు ఆనే కొండల మీద పూస్తుంది. మందారం పెట్టు, చాలు.

ఇక పారిపోయి దాక్కున్న పగడపు దిబ్బ. అరగంటలో చుట్టి రావచ్చు అని నువ్వే రాశావు, తర్వాతి పేజీలో దాని మీద జలపాతం దూకించావు. కొండ లేదు, వాగు ఎక్కడిది? నా మొదటి ఉద్యోగం చీరాల పక్కన ఒడ్డూళ్లో. మంచినీళ్ల టెన్షన్‌తోనే తెల్లారేది. పక్కింటి ముసలమ్మ ఇసకలో చెలమ తీసి చూపించింది, మోకాలి లోతు. నేను ఆశపడి ఇంకా తవ్వబోతే చెయ్యి పట్టుకుంది. "లోతుకు పోతే ఉప్పొస్తది టీచరమ్మా, తీపి పైనే ఉంటది." పగడపు దీవులూ అంతే. ఇసకలోకి దిగిన వాననీళ్లు బరువు తక్కువ కాబట్టి ఉప్పునీళ్ల మీద పల్చగా తేలుతుంటాయి. కొబ్బరీ మొగలీ బతికేది దాని మీదే. పోలయ్య ఒడ్డు మనిషి, చెలమ తీసుకుంటాడు. నువ్వు అడ్డం రాకు.

ఆగస్టులో తుఫాను తీసెయ్. అక్కడ తుఫానులు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. ఆగస్టులో చెరకు కోత. ఓడ కూడా లౌటోకాలో దించలేదు. ముందు సువా ఎదురుగా ఉన్న నుకులావు దీవిలో క్వారంటైన్‌లో పెట్టి, తర్వాత తోటలకు పంచేవాళ్లు.

రెండోసారి ఎందుకు చదివానో చెప్పలేదు కదా. ఆఖరి పేజీలో పోలయ్య మనవరాలు తాత పాట పాడుతుంది, ఒక్క తెలుగు మాటకూ అర్థం తెలియకుండా. అక్కడ లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. ఆ పేజీ ముట్టుకోవద్దు.

ఏ పత్రికకు పంపాలని, ఫిజీ హిందీ సంభాషణలు పెట్టాలా అని, ఇంకా ఏవేవో అడిగావు. చెట్లు సర్దాక చూద్దాం.

లౌటోకా ఒడ్డున ఒక సరుగుడు కాయ ఏరుకున్నాను. ఎయిర్‌పోర్టులో బ్యాగు విప్పి, గింజలు తీసుకుపోకూడదని పారేయించారు. ఈ కవర్లో పెట్టింది మా ఊరి కాయ. చూడ్డానికి అచ్చం అదే.

ఆశీస్సులతో,
మీ టీచరమ్మ

తా.క. అక్షరాలు చూసి "నాడి", "సిగతోక" అని రాశావు. వాళ్లు డి ముందు, గ ముందు సున్నా పలుకుతారు. నాందీ, సింగతోకా. మన నాందీ కాదులే.